‘ఉద్యోగం ఇచ్చారు కదా, ఇంకేం కావాలి?’

2024 డిసెంబరులో హైదరాబాద్ గోషామహల్ మైదానంలో ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షలు జరిగిన ఫొటోలు పత్రికల్లో వచ్చిన రోజున మా కళాశాల స్టాఫ్ రూములో అందరూ ఆ విషయమే మాట్లాడుకున్నారు. ఆ పరీక్షల్లో 44 మంది ఎంపికయ్యారు. శిక్షణ తరువాత 39 మంది ట్రాఫిక్ అసిస్టెంట్లుగా నగర కూడళ్లలో విధుల్లో చేరారు. నిన్నటిదాకా సిగ్నల్ దగ్గర చేయి చాచినవారు ఇవాళ అదే సిగ్నల్ దగ్గర వాహనాలను ఆపుతున్నారని దాదాపు అందరూ రాశారు. నాకూ సంతోషం కలిగింది. అయితే ఆ వాక్యాన్ని పదేపదే చదివిన కొద్దీ ఒక అనుమానం మొదలైంది. వారిని మనం ఎక్కడ చూశామో, సరిగ్గా అక్కడే వారికి ఉద్యోగాన్ని ఊహించగలిగాం. ఆ కూడలి దాటి వారు మరెక్కడైనా ఉండగలరన్న ఊహ మనకు ఇంకా రాలేదు.

ఆ మాటే పైకి అన్నప్పుడు ఒక సహోద్యోగి, ఎవరికీ చెడు తలపెట్టని మనిషి, ‘‘ఉద్యోగం ఇచ్చారు కదా మేడమ్, ఇంకేం కావాలి?’’ అన్నారు. అది తేలిగ్గా కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. పూట గడవని చోట నచ్చిన పని గురించి మాట్లాడడం తీరిక ఉన్నవాళ్ల ఆలోచనగా కనిపించడం సహజం. అయినా ఆయన ప్రశ్నకు నా సమాధానం ఇది: జీతం వచ్చే పని దొరకడం ఒక విషయం. తాను దేనికి తగిన మనిషో తెలుసుకోవలసిన వయసులో నాలుగు దారులు చూసి, ఒకటి తప్పని తేలితే వెనక్కి వచ్చి మరొకటి పట్టే వెసులుబాటు ఉండడం వేరొక విషయం. ట్రాన్స్‌జెండర్ యువత విషయంలో ప్రభుత్వాలూ సంస్థలూ మనమూ మొదటిదాని గురించే మాట్లాడుతున్నాం. రెండోది లేకపోతే మొదటిది ఎక్కువ కాలం నిలవదని నేను నమ్ముతున్నాను.

నేను ఒక జిల్లా కేంద్రంలోని డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతూ ప్లేస్‌మెంట్ సెల్ పని కూడా చూస్తున్నాను. నాకు తెలిసిన ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కొద్దిమందే. ఒకరిద్దరు చదువుతుండగానే తమ సంగతి చెప్పారు, మిగిలినవారు కళాశాల విడిచాక ఫోన్ చేసి చెప్పారు. ఎవరూ గుర్తుపట్టకుండా ఉండేందుకు వారి ఊళ్లనూ కొన్ని వివరాలనూ మార్చి రాస్తున్నాను.

ఇష్టం కన్నా ముందు వచ్చే ప్రశ్నలు

అమెరికా పరిశోధకురాలు లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో ప్రతిపాదించిన ఒక సిద్ధాంతాన్ని వృత్తి సలహాదారుల శిక్షణలో ఇప్పటికీ చెబుతారు. పిల్లలు వృత్తులను ఎంచుకోవడం కన్నా ముందు తోసిపుచ్చడం నేర్చుకుంటారన్నది దాని సారం. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఇది ఆడవాళ్ల పని, ఇది మగవాళ్ల పని అని కొన్నింటిని వదిలేస్తారు. తొమ్మిది నుంచి పదమూడేళ్ల మధ్య ఇది మన స్థాయికి తగదనో అందదనో మరికొన్నింటిని వదిలేస్తారు. నాకేది ఇష్టం అన్న ప్రశ్న పద్నాలుగేళ్ల తరువాత, అప్పటికి మిగిలిన కొద్దిపాటి వృత్తుల మధ్యనే మొదలవుతుంది. ఈ సిద్ధాంతంతో విభేదించినవారు ఉన్నారు కానీ, నా విద్యార్థులను గమనించినప్పుడు ఆడ, మగ పనుల మెట్టు గురించి ఆమె చెప్పింది నిజమేననిపిస్తుంది. తనను మగపిల్లవాడిగా పెంచుతున్న ఇంట్లో తాను ఆడపిల్లనని తెలిసిన ఏడేళ్ల బిడ్డ ఆ మెట్టు మీద ఏం చేస్తుంది? మగవాళ్ల పనులను మనసు ఒప్పుకోదు, ఆడవాళ్ల పనులను ఇల్లు ఒప్పుకోదు. ఇష్టాల జాబితా తయారు కాకముందే రెండు వైపులా కొట్టివేతలు పడిపోతాయి.

ఒక విద్యార్థిని సంగతి చెప్పాలి. ఆమె మా దగ్గర చేరినప్పుడు రికార్డులో మగ పేరే ఉండేది. ఇంట్లోవాళ్ల అనుమానాలు పోగొట్టడానికి ఎన్‌సీసీలో చేరింది. చేరాక కవాతు, మ్యాప్ చదవడం, శిబిరాల్లో పదిమందికి పని పంచిపెట్టడం నిజంగానే నచ్చాయి. ‘సి’ సర్టిఫికెట్ పరీక్షకు వెళ్లాల్సిన ఏడాది మానేసింది. చాలాకాలం తరువాత కారణం అడిగితే, ‘‘అది నా ఇష్టమో, దాక్కోవడానికి నేను వేసుకున్న వేషమో నాకే తెలియలేదు మేడమ్’’ అంది. ఆమెలో మంచి నిర్వాహకురాలు ఉందని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం. తన ఇష్టాన్నే తాను అనుమానించాల్సి రావడం ఎంత నష్టమో మామూలు కెరీర్ కౌన్సెలింగ్ ప్రశ్నపత్రాలకు తెలియదు. ‘మీకు నలుగురిలో పనిచేయడం ఇష్టమా, ఒంటరిగా పనిచేయడం ఇష్టమా?’ అన్న ప్రశ్నకు ఆమె ఒంటరిగానే అని గుర్తు పెట్టింది. అది స్వభావం చెప్పిన జవాబా, భయం చెప్పిన జవాబా అని ఆ కాగితం అడగదు. అయినా కాగితం చెప్పినదాన్ని బట్టి డేటా ఎంట్రీ, అకౌంట్స్ వంటి పనులు ఆమెకు తగినవని తేల్చేస్తాం.

మరొకరు ట్రాన్స్ పురుషుడు, అంటే అమ్మాయిగా పెరిగినా తాను మగవాడినని తెలిసినవాడు. మండల స్థాయిలో అమ్మాయిల జట్టు తరఫున కబడ్డీ బాగా ఆడినవాడు, వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలని స్కూలు రోజుల నుంచీ అనుకున్నవాడు. డి.పి.ఎడ్. కోర్సు వివరాలన్నీ తెలుసుకున్నాక దరఖాస్తు చేయలేదు. ప్రవేశానికి దేహదారుఢ్య పరీక్షలు పురుషులకూ స్త్రీలకూ వేరువేరుగా ఉంటాయి, హాస్టళ్లు వేరు, ఉద్యోగం వచ్చాక కూడా బాలికల ఆటలకు మహిళా టీచరు ఉండాలంటారు. అందులో తన పేరు ఏ వరుసలో ఉంటుందో అతనికి అర్థం కాలేదు, చెప్పేవారూ దొరకలేదు. ఇప్పుడు ఒక గోదాములో రాత్రి షిఫ్టులో పార్సిళ్లు వేరుచేసే పని చేస్తున్నాడు. పగలు జనం కంటపడకుండా ఉండవచ్చన్నది ఆ పని ఎంచుకోవడానికి అతను చెప్పిన కారణం.

ట్రాన్స్ పురుషుల గురించి ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. పత్రికల్లోనూ పథకాల్లోనూ మనకు కనిపించేవారు ఎక్కువగా ట్రాన్స్ మహిళలు. ఇల్లు వదిలి వస్తే చేరదీయడానికి వారికి కనీసం జమాత్ ఉంది, అంటే గురువు నీడన కలిసి బతికే తమవారి కూటమి. అమ్మాయిగా పెరిగిన ట్రాన్స్ పురుషుడికి అటువంటి పాత నీడ ఏదీ లేదు. అతను ఇల్లు దాటడమే కష్టం, డిగ్రీ పూర్తవుతూనే పెళ్లి సంబంధాలు మొదలవుతాయి. అందుకని అతను దూరపు ఊళ్లో ఉద్యోగాన్ని ఏరికోరి వెతుక్కుంటాడు. జీతం, హోదా, ఆసక్తి, వీటన్నిటి కన్నా దూరమే అక్కడ పెద్ద ప్రమాణం.

2011 జనాభా లెక్కల్లో ‘ఇతరులు’ అన్న కాలమ్ కింద దేశంలో 4.88 లక్షల మంది నమోదయ్యారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 44 వేల మంది. దేశవ్యాప్తంగా ఆ కాలమ్‌లో నమోదైనవారిలో అక్షరాస్యత సుమారు 56 శాతం. మొత్తం జనాభాలో నలుగురికి ముగ్గురు చదవగలిగిన దేశంలో వీరిలో సగానికి కొంచెం ఎక్కువ మంది మాత్రమే చదవగలిగారు. కాబట్టి మా కళాశాల దాకా వచ్చినవారు ఇప్పటికే ఎన్నో వడపోతలు దాటి వచ్చినవారు. నేను చెబుతున్నది ఆ కొద్దిమంది కష్టమే. బడిలోనే ఆగిపోయినవారి దగ్గర వృత్తి ఎంపిక అన్న మాట ఎత్తడానికి కూడా నాకు మనసొప్పదు.

ముందు పట్టానా, ముందు తమ రూపమా

మిగిలిన విద్యార్థులకు లేని లెక్క ఒకటి వీరి ముందు ఉంటుంది. డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగంలో కుదురుకుని, డబ్బు కూడబెట్టి, అప్పుడు తమ లింగ గుర్తింపుకు తగినట్లు శరీరాన్ని మార్చుకునే చికిత్స మొదలుపెట్టాలా? లేక ముందే తమ రూపంలోకి వచ్చి, ఆ రూపంతోనే ఇంటర్వ్యూకు వెళ్లాలా?

మొదటి దారిలో వెళితే రోజూ మరొకరిలా నటిస్తూ తమ అత్యంత ముఖ్యమైన నాలుగైదేళ్లు గడపాలి. ఆ నటనకే సగం శక్తి పోతుంది. తీరా మారాక పాత సంస్థలో ఉండలేకపోతే కొత్త చోట చూపాల్సిన అనుభవ ధ్రువపత్రం పాత పేరుతో ఉంటుంది. రెండో దారిలో వెళితే పదో తరగతి మెమో నుంచి బ్యాంకు పాస్‌బుక్ దాకా ఒక్కో కాగితంలో ఒక్కో మనిషి కనిపిస్తాడు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం, దాని కింద 2020లో వచ్చిన నిబంధనలు జిల్లా కలెక్టర్ ద్వారా గుర్తింపు పత్రాన్ని ఇచ్చే పద్ధతిని తెచ్చాయి. ఆ పత్రం చేతికి వచ్చాక ఆధార్, పాన్ మార్చుకోవడానికి దారి ఉంది. పదో తరగతి బోర్డు, ఇంటర్ బోర్డు, విశ్వవిద్యాలయం, భవిష్యనిధి ఖాతా, ఇవన్నీ వేరువేరు కార్యాలయాలు. ఒక్కో చోట గుమాస్తాకు మొదటి నుంచీ తన కథ చెప్పుకోవాలి. వృత్తి ఎంపికలో కాగితాల ఓపిక కూడా ఒక అర్హతగా మారిపోయింది.

ఒక ట్రాన్స్ మహిళ బి.కాం. మంచి మార్కులతో పూర్తిచేసి, పెద్ద సంస్థలో అకౌంట్స్ ఉద్యోగానికి ఎంపికై, సర్టిఫికెట్ల పరిశీలన దశలో ఆగిపోయింది. ఎవరూ ఆమెను కాదనలేదు. పేర్లు సరిపోలడం లేదని, సరిచేసుకుని రమ్మని మర్యాదగా చెప్పారు. ఆమె తిరిగి వెళ్లేసరికి ఆ బ్యాచ్ శిక్షణ మొదలైపోయింది. బతకాలి కనుక ఇంటింటికీ సరుకులు చేరవేసే యాప్‌లో చేరితే, షిఫ్టు మొదలయ్యే ముందు తీసుకునే సెల్ఫీలో ముఖం పాత ఫొటోతో కలవక ఖాతా పదేపదే ఆగిపోయేది. ఇప్పుడు ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తోంది. ట్రాన్స్ మహిళలకు అలంకరణ పని సహజంగా అబ్బుతుందని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆమె గుర్తుకు వస్తుంది. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో చేయి తిరిగిన అమ్మాయి ఆమె. సర్టిఫికెట్లు అడగని పని అదొక్కటే కనుక అక్కడ ఉంది.

ఇక చికిత్స ఖర్చు. మంచి భవిష్యత్తు ఉన్నా స్టైపెండ్ తక్కువ వచ్చే శిక్షణను వదిలి, వెంటనే చేతికి ఎక్కువ డబ్బు వచ్చే పనికి వెళ్లినవారిని నేను చూశాను. బయటివారికి అది తొందరపాటుగా కనిపిస్తుంది. అద్దంలో తనను తాను చూసుకోలేని మనిషికి మూడేళ్ల తరువాత వచ్చే పదోన్నతి ఎంత దూరంలో ఉంటుందో ఆలోచిస్తే తొందరపాటు అన్న మాట నోటికి రాదు.

‘మొదటి వ్యక్తి’గా బతకడం

ఇక్కడ నా వాదనకు ఎదురయ్యే బలమైన మాట ఒకటి ఉంది. ఎవరో ఒకరు మొదట వెళ్లకపోతే తలుపు తెరుచుకోదు కదా అని. అది నిజం. తమిళనాడులో కె. పృథికా యాషిణి ఎస్‌ఐ ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తును మొదట తిరస్కరించారు. ఆమె మద్రాసు హైకోర్టులో పోరాడి 2015లో అనుకూలమైన తీర్పు తెచ్చుకుని, 2017లో ధర్మపురిలో విధుల్లో చేరారు. తరువాత దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరికీ ఆ తీర్పు ఆసరా. మన దగ్గర 2022లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ కొయ్యాల ఉస్మానియా ఆసుపత్రిలోని ఏఆర్‌టీ (హెచ్ఐవీ చికిత్స) కేంద్రంలో వైద్యాధికారులుగా చేరినప్పుడు ఆ వార్త కత్తిరించి మా నోటీసు బోర్డులో పెట్టినదాన్ని నేనే.

అయితే మొదటి వ్యక్తిని మనం ఎలా చూస్తామో కూడా చూడాలి. పశ్చిమ బెంగాల్‌లో మానవీ బంద్యోపాధ్యాయ 2015లో కృష్ణనగర్ మహిళా కళాశాల ప్రిన్సిపాల్ అయినప్పుడు దేశమంతా వార్త అయింది. మరుసటి ఏడాది చివర్లో సహకారం అందడం లేదంటూ ఆమె రాజీనామా లేఖ ఇచ్చినప్పుడు అది కొద్దిమందికే తెలిసింది. మామూలు ప్రిన్సిపాల్ విఫలమైతే ఆ మనిషి విఫలమైనట్లు. మొదటి ట్రాన్స్‌జెండర్ ప్రిన్సిపాల్ తడబడితే ఆ వర్గమంతా తడబడినట్లు. ఇరవై రెండేళ్ల యువతి మీద అంత బరువు పెట్టి, నువ్వు మాకు గర్వకారణం అని శాలువా కప్పితే, ఆ ఉద్యోగం తనకు నచ్చలేదని చెప్పే అవకాశం ఆమెకు మిగలదు.

డాక్టర్ ప్రాచీ రాథోడ్ ఆదిలాబాద్ రిమ్స్‌లో చదువుకున్నారు. తన సంగతి తెలిస్తే రోగులు రారన్న కారణంతో ఒక ప్రైవేటు ఆసుపత్రి తనను తొలగించిందని ఆమె బహిరంగంగానే చెప్పారు. డాక్టర్ రూత్ అయితే ఆసుపత్రి వెంట ఆసుపత్రి తిరిగి తిరస్కరణలు చూశానన్నారు. ఎంబీబీఎస్ అనేది మన ఇళ్లలో అన్నిటికన్నా గట్టి భరోసాగా భావించే చదువు. అంత చదువు కూడా వారికి మామూలు ఆసుపత్రి తలుపు తీయలేదు. హెచ్ఐవీ చికిత్స కేంద్రంలో చోటు దొరికింది. ఆ పని చాలా విలువైనది, వారు దాన్ని మనసు పెట్టి చేశారు. అయినా నాకు వాటన్నిటికన్నా పెద్ద వార్త అనిపించింది 2023లో డాక్టర్ రూత్‌కు సనత్‌నగర్ ఈఎస్ఐ వైద్య కళాశాలలో ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ సీటు రావడం. రక్తమోడుతూ వచ్చిన రోగికి డాక్టర్ ఎవరో అడిగే వ్యవధి ఉండదు. అక్కడ ఆమె పని ఆమె లింగ గుర్తింపు చుట్టూ తిరగదు.

నోటీసు బోర్డులో పెట్టిన ఆ కత్తిరింపును చూసి ఒక విద్యార్థి నా గదికి వచ్చింది. వాళ్లకు డ్యూటీ ఎన్ని గంటలు, నైట్ డ్యూటీ ఉంటే ఎక్కడ పడుకుంటారు, ట్రాన్స్‌ఫర్లు ఉంటాయా, పర్మనెంటా కాంట్రాక్టా అని అడిగింది. ఆ వార్తలో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. స్ఫూర్తి కథల్లో పోరాటం ఉంటుంది, కన్నీళ్లు ఉంటాయి, జీతం చీటీ ఉండదు. యువతకు కావలసింది ఆ చీటీయే.

తమవారి మధ్యనే పని

చదువుకున్న ట్రాన్స్‌జెండర్ యువతకు అందరికన్నా సులువుగా దొరికే కార్యాలయ ఉద్యోగం స్వచ్ఛంద సంస్థల్లో ఉంటుంది. ఎయిడ్స్ నియంత్రణ ప్రాజెక్టుల్లో పీర్ ఎడ్యుకేటర్ (తనలాంటివారికి అవగాహన కల్పించేవారు), ఔట్‌రీచ్ వర్కర్ (వారున్న చోటికే వెళ్లి సాయం చేసేవారు), ఆపై కౌన్సెలర్. అక్కడ తమను ఎవరూ వింతగా చూడరు, పేరు సరిగ్గా పిలుస్తారు, పండగకు చీర కట్టుకుని రావచ్చు. అందుకే ఎంతోమంది అక్కడే ఆగిపోతారు.

దీన్ని తప్పుపట్టాలా వద్దా అని నేను చాలా మథనపడ్డాను. ఒక అమ్మాయి ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తానంటే, నీకు లెక్కలు బాగా వచ్చు కదా, మరొకటి ఆలోచించు అన్నాను. పదిహేడేళ్ల వయసులో తాను రైలు పట్టాల దగ్గర కూర్చుని ఉంటే తనను చేయి పట్టుకుని తీసుకెళ్లింది ఒక ఔట్‌రీచ్ అక్కేనని, తాను చేయాలనుకుంటున్నది ఆ పనేనని ఆమె చెప్పింది. అది నిఖార్సయిన ఎంపిక. ఏ సిద్ధాంతమూ దాన్ని రాజీ అనలేదు. కానీ ఆమె పక్కనే, వేరే ఎక్కడా చోటు లేక అదే బల్ల ముందు కూర్చున్నవారూ ఉన్నారు. బయటి నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు.

ఆ ఉద్యోగాల బలహీనత ఏమిటో 2025 ఆరంభంలో తెలిసింది. ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో హైదరాబాద్ నారాయణగూడలో మొదలైన మిత్ర్ క్లినిక్, అమెరికా ప్రభుత్వం తన విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ నిధులు ఆపడంతో మూతపడింది. పుణె, ఠాణేలలోని క్లినిక్‌లదీ అదే దారి. అక్కడ పనిచేసినవారిలో ఎక్కువమంది ట్రాన్స్‌జెండర్లే. తరువాత టాటా ట్రస్ట్స్ సాయంతో హైదరాబాద్ క్లినిక్ సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. అయినా వేరే దేశంలో ఒక సంతకంతో ఇక్కడి మనిషి కెరీర్ ఆగిపోగలిగినప్పుడు, ఒకే రంగంలో అందరినీ సర్దడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

జమాత్ గురించి కూడా మర్యాదగా మాట్లాడాలనుకుంటాను. బస్తీల్లో, దుకాణాల్లో డబ్బు అడగడాన్ని, బదాయిని (శుభకార్యాల్లో దీవించి డబ్బు తీసుకోవడాన్ని) వదిలి ‘గౌరవంగా పనిచేసుకోండి’ అని సలహా ఇచ్చేవారికి ఆ వ్యవస్థ ఏం ఇస్తుందో తెలియదు. ఇంట్లోంచి గెంటేసిన పదహారేళ్ల బిడ్డకు ఆ రాత్రే పడక, అన్నం, జ్వరమొస్తే పక్కన కూర్చునే గురువు, ముసలితనంలో చూసే చేలాలు (శిష్యులు) అక్కడ ఉన్నారు. దానికి బదులుగా సంపాదనలో వాటా, కట్టుబాట్లు, కొన్నిచోట్ల కఠినమైన జరిమానాలు ఉన్నాయి. జీతం ఉద్యోగంలోకి వెళ్లే యువతి ఆ నీడను వదులుకుని వెళుతుంది. ఆ ఉద్యోగం ఆరు నెలల్లో పోతే వెనక్కి వెళ్లడం అంత సులువు కాదు. పైగా ఆ పాత వృత్తిని కూడా మన చట్టమే నేరంగా మార్చింది. నిజాం కాలంలో 1919లో వచ్చిన యూనక్స్ చట్టం ప్రకారం ఆడ దుస్తుల్లో బహిరంగంగా కనిపించినా, పాడినా, ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేసే వీలుండేది. దాన్ని తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది 2023 జూలైలో. అమలులో ఉందో లేదో పక్కనపెట్టినా, వందేళ్లకు పైగా పుస్తకాల్లో ఉండిపోయిన చట్టం అది.

జీతం ఒక్కటే ఆపలేని చోట

2017లో కొచ్చి మెట్రో ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులను తీసుకున్నప్పుడు దేశమంతా మెచ్చుకుంది. కొద్ది వారాల్లోనే వారిలో పలువురు మానేశారు. పని నచ్చక కాదు, నగరంలో ఎవరూ ఇల్లు అద్దెకు ఇవ్వక. లాడ్జిలో రోజువారీ అద్దె కడితే జీతం చాలలేదు. ఉద్యోగం ఇచ్చారు కదా అన్న ప్రశ్నకు నాకు తెలిసిన అన్నిటికన్నా సూటి జవాబు ఇదే. హైదరాబాద్‌లో మా విద్యార్థులు శిక్షణకు వెళ్లినప్పుడు అమీర్‌పేటలో దొరికే హాస్టళ్లు బాయ్స్ హాస్టళ్లు, గర్ల్స్ హాస్టళ్లు. మూడో బోర్డు నాకు కనిపించలేదు. కోర్సు ఫీజు కట్టడానికి దాత దొరికిన విద్యార్థికి కూడా పడుకునే చోటు దొరకలేదు.

చట్టం వైపు చూస్తే, 2014 ఏప్రిల్‌లో నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు వీరిని సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులుగా పరిగణించి విద్య, ఉద్యోగాల్లో రిజర్వేషన్ కల్పించాలని ఆదేశించింది. 2021లో కర్ణాటక అన్ని కేటగిరీల్లోనూ ఒక శాతం సమాంతర రిజర్వేషన్ తెచ్చింది. దళిత ట్రాన్స్ మహిళ తన కులం రిజర్వేషన్‌ను వదులుకోకుండానే ఇది వర్తిస్తుంది కనుక ఇదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. అందరినీ కలిపి ఒక బీసీ గ్రూపులో వేస్తే ఎస్సీ, ఎస్టీ బిడ్డలు ఏదో ఒక గుర్తింపును ఇంటి దగ్గర వదిలి రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్‌ఐ నియామకాల దరఖాస్తులో తన కాలమే లేక స్త్రీ అని నింపి పరీక్ష రాసిన ఒక అభ్యర్థి హైకోర్టుకు వెళితే, కనీస మార్కులు రాలేదు కనుక 2022లో ఆమెకు ఉద్యోగం విషయంలో ఊరట దక్కలేదు. మార్కుల మాట చట్టపరంగా సరైనదే కావచ్చు. ఏ కాలమ్‌లో ఉందో తెలియని మనిషి ఏ కటాఫ్‌కు సిద్ధం కావాలన్నది మాత్రం నాకు ఇప్పటికీ జవాబు దొరకని ప్రశ్న.

2019 చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. ఉద్యోగంలో వివక్ష చూపరాదంటుంది, ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలంటుంది. తాను ట్రాన్స్ మహిళనని బయటపడ్డాక ఉత్తరప్రదేశ్‌లోని ఒక పాఠశాలలో ఉద్యోగం పోయి, గుజరాత్‌లోని మరొక పాఠశాలలో చేతికి వచ్చిన ఉద్యోగమే నిలిచిపోయిన ఉపాధ్యాయురాలు జేన్ కౌశిక్ కేసులో 2025 అక్టోబరులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు ఆమెకు పరిహారం ఇప్పించింది, చట్టం కాగితాల మీదే ఉండిపోయిందని ఆక్షేపించింది, సమాన అవకాశాల విధానం రూపొందించడానికి విశ్రాంత న్యాయమూర్తి ఆశా మేనన్ అధ్యక్షతన కమిటీ వేసింది. మా ప్లేస్‌మెంట్లకు వచ్చే సంస్థలను నేను ఇప్పుడు మీ ఫిర్యాదుల అధికారి ఎవరని ముందే అడుగుతున్నాను. చాలామంది మహిళల లైంగిక వేధింపుల కమిటీ వివరాలు చూపిస్తారు. అది వేరు, ఇది వేరు అని చెప్పాల్సి వస్తుంది.

‘అందరూ రాజీపడుతున్నవారే కదా’

మా సహోద్యోగి తరువాత మరో మాట అన్నారు, అది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ‘‘మన పిల్లల్లో మాత్రం నచ్చిన చదువు చదివేవాళ్లు ఎంతమంది? తండ్రి చెప్పాడని ఇంజినీరింగ్, తల్లి ఏడ్చిందని బీఎడ్. రాజీపడనివాళ్లు ఎవరు?’’ ఆయన చెప్పింది నిజం. మా కళాశాలలో బీకాం కంప్యూటర్స్ చదివేవారిలో సగం మందికి ఆ గ్రూపు ఎందుకు తీసుకున్నారో తెలియదు.

తేడా నాకు ఎక్కడ కనిపించిందంటే, రాజీపడ్డ తరువాత ఏం జరుగుతుందన్న దగ్గర. ఇంజినీరింగ్ చదివి నచ్చక, ఏడాది ఇంట్లో కూర్చుని గ్రూప్స్‌కు చదివి, అదీ రాక, మేనమామ దుకాణంలో ఆరు నెలలు కూర్చుని, చివరికి బ్యాంకు ఉద్యోగంలో కుదురుకున్న కుర్రవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఇరవై నుంచి ఇరవై ఏడేళ్ల దాకా మన సమాజం వాళ్లకు అన్నం పెట్టి ఎదురుచూస్తుంది. తల్లి తిడుతూనే కంచం పెడుతుంది. మన మధ్యతరగతి కెరీర్లన్నీ ఆ కంచం మీద కట్టినవే. ట్రాన్స్‌జెండర్ యువతకు సాధారణంగా లేనిది తెలివి, పట్టుదల కాదు, ఆ కంచం. మొదటి ఉద్యోగమే చివరి ఉద్యోగం అన్నట్లు పట్టుకోవాలి. అవమానం జరిగినా మానేయలేరు, మానేస్తే ఆ రాత్రి ఎక్కడికి వెళ్లాలో తెలియదు. అందుకే వారి ఎంపికల్లో సాహసం తక్కువ కనిపిస్తుంది, ‘పెద్ద కలలు కనరు’ అన్న మాట వినిపిస్తుంది.

అందువల్ల నేను అడిగేది కొత్త ఉద్యోగాల సంఖ్య ఒక్కటే కాదు. ఆంధ్రప్రదేశ్ 2018లో పద్దెనిమిదేళ్లు నిండిన ట్రాన్స్‌జెండర్లకు పింఛను మొదలుపెట్టింది, అది మంచి పని. అదే చేత్తో చదువు మధ్యలో ఆగినవారు తిరిగి చేరడానికీ, నచ్చని పని మాని మరొకటి నేర్చుకునే కాలానికీ స్టైపెండ్, దానితోపాటు జిల్లా కేంద్రాల్లో ఉండడానికి గది, ఈ రెండూ ఇవ్వాలి. ఇంటర్ పాసైన ట్రాఫిక్ అసిస్టెంట్‌కు దూరవిద్యలో డిగ్రీ చదివే వీలు, ఆ పైన కానిస్టేబుల్ పరీక్షకో, పోలీసు శాఖతో సంబంధమే లేని పనికో వెళ్లే వీలు చూపాలి. అప్పుడే ఆ కూడలి వారి కెరీర్‌లో ఒక మజిలీ అవుతుంది.

మా కళాశాలలో మాకు ఇంకా తేలని సంగతి ఒకటి ఉంది. ఇంటర్వ్యూకు ముందే సంస్థకు విద్యార్థి సంగతి చెప్పాలా వద్దా అన్నది. ముందే చెబితే తలుపు మూసుకుపోవచ్చు, చెప్పకపోతే సర్టిఫికెట్ల దగ్గర బయటపడి దాచారన్న నింద పడవచ్చు. ఒక విద్యార్థి ముందే చెప్పమంది, కాదన్నవాళ్లతో తనకు పని లేదంది. మరొకరు చేతికి ఆఫర్ లెటర్ వచ్చేదాకా ఒక్క మాట కూడా అనొద్దన్నారు. ప్రిన్సిపాల్ గారు ఒకే నియమం రాసిపెట్టమంటున్నారు. నేను మాత్రం ఈ సంవత్సరం ఫారంలో ఆ ప్రశ్న విద్యార్థికే వదిలి, వారు ఏది రాస్తే దానికి కట్టుబడి, సంస్థలతో మాట్లాడే బాధ్యత ప్లేస్‌మెంట్ సెల్‌దేనని రాసి ఆయనకు పంపాను.